గోదావరి జిల్లాల డిగ్రీ విద్యార్థికి మంచి లా కాలేజీలో సీటు: మొదటి ఏడాది నుంచే ఏం చేయాలి

మన వైపు లా చదువు మాట వచ్చేది సాధారణంగా డిగ్రీ అయిపోయాకే. గ్రూప్స్ రాలేదు, బ్యాంకు ఉద్యోగం రాలేదు, సరే మన రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి పడేద్దాం అనుకుంటారు. అలా వెళ్ళినవాళ్ళలో మంచి లాయర్లు లేరని అనను. కానీ బెంగళూరు నేషనల్ లా స్కూల్లోనో, ఢిల్లీ యూనివర్సిటీలోనో, బనారస్‌లోనో సీటు కావాలంటే ఆ ఆలోచన డిగ్రీలో చేరిన ఏడాదే మొదలవ్వాలి. పోటీ ఎక్కువ అన్నది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం ఆ పరీక్షల తీరు. ఇంగ్లీషులో ఒక పేజీ ఇచ్చి, రాసినాయన ఏమంటున్నాడు, ఆ వాదనలో బొక్క ఎక్కడుంది అని అడుగుతారు. ఈ పట్టు మూడు నెలల కోచింగ్‌తో రాదు. రెండేళ్ళు రోజూ చదివినవాళ్ళకి దానంతటదే వస్తుంది.

ఇది రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలోనో, కాకినాడ పీఆర్ కాలేజీలోనో, భీమవరం, నరసాపురం, అమలాపురం, తణుకు కాలేజీల్లోనో బీఏ, బీకాం, బీఎస్సీ చదువుతున్నవాళ్ళ కోసం రాస్తున్నాను. ఇంటర్ పిల్లలకి దారి వేరు.

ముందు ఏ పరీక్ష దేనికో తెలుసుకోండి

ఇక్కడే చాలామంది తికమక పడతారు. నేషనల్ లా యూనివర్సిటీలు అనగానే క్లాట్ గుర్తొస్తుంది. కానీ క్లాట్ యూజీ అన్నది ఇంటర్ తర్వాత చేసే ఐదేళ్ళ కోర్సు కోసం పెట్టే ప్రవేశ పరీక్ష. విశాఖ దగ్గర సబ్బవరంలో ఉన్న దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ, హైదరాబాద్ నల్సార్ ఐదేళ్ళ కోర్సులకి క్లాట్ ద్వారానే తీసుకుంటాయి. డిగ్రీ తర్వాత చేసే మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీకి దారులు వేరే ఉన్నాయి.

మొదటిది బెంగళూరు నేషనల్ లా స్కూల్. అక్కడ మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ ఆనర్స్ 2022లో మొదలైంది. దానికి క్లాట్ పనికిరాదు, ఎన్‌ఎల్‌శాట్ అనే సొంత పరీక్ష పెడతారు. ఇటీవలి ఏళ్ళ పద్ధతిలో మొత్తం 150 మార్కులు, రెండున్నర గంటలు. సగం మార్కులు ఆప్షన్లు ఉన్న ప్రశ్నలకి, అక్కడ తప్పు జవాబుకి పావు మార్కు పోతుంది. మిగతా సగం మీరు చేత్తో రాసే జవాబులకి, వ్యాసానికి. ఈ రెండో సగం సంగతి కింద విడిగా చెప్తాను. మనవాళ్ళు వెనకబడేది అక్కడే.

రెండోది సీయూఈటీ పీజీ, అంటే కేంద్ర విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష. ఢిల్లీ యూనివర్సిటీ, బనారస్ హిందూ యూనివర్సిటీ మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ సీట్లు దీని మీదే ఇస్తాయి. ఢిల్లీలో క్యాంపస్ లా సెంటర్, లా సెంటర్ వన్, లా సెంటర్ టూ అని మూడు ఉన్నాయి, అన్నీ కలిపితే రెండు వేలకి పైగా సీట్లు. ఫీజు మన ప్రైవేటు డిగ్రీ కాలేజీలతో పోల్చినా తక్కువే. పేపర్లో 75 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు మార్కులు, తప్పుకి ఒక మార్కు కోత. వ్యాసాలు ఉండవు.

మూడోది మన లాసెట్. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు, తెలుగులో కూడా రాయొచ్చు. విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీ అంబేద్కర్ లా కాలేజీ దీని కిందకే వస్తుంది. అందులో 60 ప్రశ్నలు లా ఆప్టిట్యూడ్ మీద ఉంటాయి, కాబట్టి రాజ్యాంగం ప్రాథమిక విషయాలు చదవక తప్పదు.

భీమవరంలోనో సూరంపాలెంలోనో బీటెక్ చేస్తున్నవాళ్ళకి ఇంకో దారి ఉంది. ఐఐటీ ఖరగ్‌పూర్‌లోని రాజీవ్ గాంధీ లా స్కూలు పేటెంట్లు, కాపీరైట్ల మీద గట్టి దృష్టితో ఎల్‌ఎల్‌బీ నడుపుతోంది. ఫస్ట్ క్లాస్ బీటెక్ ఉన్నవాళ్ళు దాని ప్రవేశ పరీక్ష రాయొచ్చు. బీటెక్ అయ్యాక లా ఏమిటని ఇంట్లో అడిగితే చెప్పడానికి ఇదొక మంచి జవాబు.

ఇప్పుడొక చిన్న లెక్క. మీరు డిగ్రీ మొదటి ఏడాదిలో ఉన్నారనుకోండి. ఈ డిసెంబర్లో క్లాట్ రాసి వచ్చే జూలైలో ఐదేళ్ళ కోర్సులో చేరితే మొత్తం ఆరేళ్ళు. డిగ్రీ పూర్తిచేసి మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ చేసినా ఆరేళ్ళే. అంటే మొదటి ఏడాదిలో ఉన్నవాళ్ళు క్లాట్ కూడా ఒకసారి రాసి చూడొచ్చు, దానికి వయసు పరిమితి లేదు. రెండో ఏడాదిలోకి వచ్చేశాక మాత్రం ఆ ఆలోచన వదిలేసి డిగ్రీ పూర్తి చేసుకోవడం మేలు.

మొదటి ఏడాది: చదవడం అలవాటు చేసుకోండి

ఎంత చదవాలి అనే ప్రశ్నకి నా జవాబు: రోజుకి గంట, ఆదివారంతో సహా. ఏం చదవాలి అంటే ఒక ఇంగ్లీషు దినపత్రిక సంపాదకీయం పేజీ. ది హిందూ అయినా, ఇండియన్ ఎక్స్‌ప్రెస్ అయినా సరే. కోనసీమ లోపలి ఊళ్ళకి పేపరు రాకపోతే కాలేజీ లైబ్రరీలో చదవండి. రాజమండ్రిలో ఉంటే గౌతమీ గ్రంథాలయం ఉండనే ఉంది. ఫోన్లో చదవొచ్చు గానీ మధ్యలో రీల్స్ పిలుస్తాయి. అచ్చు కాగితమే నయం.

పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివి, డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియంలో పడినవాళ్ళకి మొదటి నెల నరకంగా ఉంటుంది. ఒక చిట్కా పనిచేస్తుంది. ఒకే వార్త మీద ముందు తెలుగు పేపర్లో సంపాదకీయం చదవండి, తర్వాత అదే విషయం ఇంగ్లీషులో చదవండి. సంగతి ముందే తెలుసు కాబట్టి వాక్యం అర్థమవుతుంది, కొత్త మాటలు సందర్భంతో సహా గుర్తుంటాయి. ప్రతి మాటకీ డిక్షనరీ తీయొద్దు. పేరా పూర్తయ్యాక, అర్థానికి అడ్డుపడిన రెండు మూడు మాటలకే తీయండి.

చదివాక నోట్‌బుక్‌లో మూడు వాక్యాలు రాయండి, ఇంగ్లీషులోనే, తప్పులున్నా సరే. వ్యాసం ఏమంటోంది, ఎందుకంటోంది, నేను ఎక్కడ ఒప్పుకోను. ఆ మూడో వాక్యమే అసలు శిక్షణ. పరీక్షలో క్రిటికల్ రీజనింగ్ అని పేరు పెట్టి అడిగేది దాన్నే.

వొకాబులరీ లిస్టులు బట్టీపట్టడం, నెలవారీ కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లు పోగేయడం మొదటి ఏడాదిలో దండగ. రెండేళ్ళ తర్వాత ఆ వార్తల్లో చాలావాటిని ఎవరూ అడగరు.

వేసవి ప్రాజెక్టుని వృథా చేయకండి

మన రాష్ట్రంలో డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ పెట్టారు. నిజం మాట్లాడుకుంటే చాలామంది సీనియర్ రిపోర్టు తెచ్చి పేరు మార్చి ఇచ్చేస్తున్నారు. లా చదవాలనుకునే మీకు ఇది చేతికందిన అవకాశం. మెంటర్‌తో మాట్లాడి మీ ప్రాజెక్టు అంశాన్ని చట్టానికి దగ్గరగా పెట్టించుకోండి. ఊళ్ళో కౌలు రైతుల్లో ఎంతమందికి కౌలు కార్డు ఉంది, లేనివాళ్ళకి ఎందుకు లేదు అని ఇంటింటికీ తిరిగి అడిగితే చాలు, మంచి సర్వే అవుతుంది.

ఇంటర్న్‌షిప్‌కి కాలేజీ ఒప్పుకుంటే దగ్గర్లో ఉన్న అడ్వకేట్ ఆఫీసుకి వెళ్ళండి. ఎవరూ తెలియదంటే ముందు కోర్టుకే వెళ్ళి కూర్చోండి. రాజమండ్రి, ఏలూరుల్లో జిల్లా కోర్టులు, అమలాపురం, భీమవరం, నరసాపురంలో కింది కోర్టులు ఉన్నాయి. మామూలుగా కోర్టు విచారణ ఎవరైనా చూడొచ్చు, కేసు ఉండక్కర్లేదు. మర్యాదగా బట్టలు వేసుకుని, ఫోన్ సైలెంట్లో పెట్టి వెనక బెంచీలో కూర్చుంటే ఎవరూ ఏమనరు. మొదటి పూట విసుగొస్తుంది. వాయిదా, వాయిదా, మళ్ళీ వాయిదా. రెండు మూడు పూటలు ఓపికపడితే ఎదుటి పక్షం లాయరు ఒక సాక్షిని ప్రశ్నలతో క్రాస్ చేయడం చూస్తారు, అప్పుడు ఈ పని మనకి సరిపడుతుందా లేదా అన్నది మీకే తెలుస్తుంది. ఆ సంగతి లక్షల ఫీజు కట్టకముందే తెలియడం మంచిది. లోక్ అదాలత్ జరిగే శనివారం కూడా వెళ్ళి చూడండి, రాజీలు ఎలా కుదురుస్తారో అక్కడ కనిపిస్తుంది.

రాయడం: దీనికి డెల్టా కంటే మంచి పాఠ్యపుస్తకం లేదు

ఎన్‌ఎల్‌శాట్‌లో రాసే భాగం గురించి అన్నాను కదా. మన పిల్లలు ఇంటర్‌లో రెండేళ్ళు బిట్లు గుర్తించి, డిగ్రీలో గైడు చూసి పేజీలు నింపి వస్తారు. ఇరవై ఐదు నిమిషాల్లో ఒక విషయం మీద సొంత వాదన రాయమంటే చెయ్యి ఆడదు. ఢిల్లీ, బెంగళూరు పిల్లలకి ఇంగ్లీషు మనకంటే బాగా వచ్చు, నిజమే. కానీ ఉదాహరణ కోసం వాళ్ళు పేపర్లో చదివినదే రాస్తారు. మీకు ఇంటి గుమ్మం ముందే కేసులున్నాయి.

కొల్లేరునే తీసుకోండి. 1999లో ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) దాకా అభయారణ్యం అని ప్రకటించారు, 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి వచ్చింది, 2006 నాటికి ఆ పరిధిలోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు. జిరాయితీ పట్టా ఉన్న రైతు ఏమంటాడు? పక్షుల సంగతి చూసేవాళ్ళు ఏమంటారు? సరస్సు కుంచించుకుపోతే వరద నీళ్ళు ఎవరి ఊళ్ళోకి వస్తాయి? ఆస్తి హక్కు, జీవనోపాధి, పర్యావరణం మూడూ ఒకే వ్యాసంలోకి వచ్చేస్తాయి.

2014 జూన్ 27న మామిడికుదురు మండలంలో నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైప్‌లైన్ పేలింది. ఇరవై మందికి పైగా చనిపోయారు, ఇళ్ళు కొబ్బరితోటలతో సహా కాలిపోయాయి. ప్రమాదకరమైన పని చేసి లాభం తీసుకునే సంస్థ, తన నిర్లక్ష్యం ఉన్నా లేకున్నా నష్టానికి బాధ్యత వహించాలా? ఢిల్లీ ఓలియం గ్యాస్ కేసులో సుప్రీంకోర్టు బాధ్యత వహించాల్సిందే అంది. దాన్ని అబ్సల్యూట్ లయబిలిటీ అంటారు. ఈ ఒక్క సూత్రం నగరం ఉదాహరణతో చదివితే జన్మలో మర్చిపోరు.

కౌలు సంగతి ఇంకా దగ్గరిది. మన దగ్గర చాలా పొలాలు కౌలు మీదే సాగుతున్నాయి. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కౌలు కార్డుకి భూయజమాని ఒప్పుకోలు కావాలంది. సంతకం పెడితే భూమి పోతుందని యజమాని భయం, పెట్టకపోతే పంట రుణం రాదని కౌలుదారు బాధ. చట్టం కాగితం మీద న్యాయంగానే ఉన్నా ఊళ్ళో ఎందుకు నడవదు అన్నది రాయడానికి ఇంతకంటే మంచి అంశం దొరకదు.

తేలికపాటి అంశం కావాలా? ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ, అంటే ఫలానా ప్రాంతం సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆత్రేయపురం మనిషే ఒకరు హైదరాబాద్ వెళ్ళి అక్కడ రేకులు చుట్టి ఆత్రేయపురం పేరుతో అమ్మితే చట్టం ఒప్పుకుంటుందా? సరుకు గుర్తింపు ఊరిదా, చేతి పనిదా?

వారానికి ఒకటి రాయండి. పద్ధతి ఇది. మొదటి పేరాలో జరిగింది చెప్పండి, నాలుగు వాక్యాలు దాటకుండా. రెండో పేరాలో మీరు ఒప్పుకోని పక్షం వాదనని, ఆ పక్షం వాళ్ళు చదివి ‘అవును, మేమనేది ఇదే’ అనేంత నిజాయితీగా రాయండి. మూడో పేరాలో మీ వాదన, దానికి ఒక చట్టమో తీర్పో ఆధారం. చివర రెండు వాక్యాల్లో మీ నిర్ణయం. మధ్యేమార్గం అని తప్పించుకోవద్దు. చేత్తోనే రాయండి, గడియారం పెట్టుకుని రాయండి. కాలేజీలో ఇంగ్లీషు సార్‌నో మేడమ్‌నో నెలకి రెండు వ్యాసాలు దిద్దిపెట్టమని అడగండి. నిజంగా చదువుతాం దిద్దండి అని అడిగే స్టూడెంట్ అరుదు కాబట్టి చాలామంది సంతోషంగా దిద్దుతారు.

తీర్పులు చదవాలనిపిస్తే సుప్రీంకోర్టు తీర్పుల వెబ్‌సైట్ ఈ-ఎస్‌సీఆర్‌లో అవి ఉచితంగా దొరుకుతాయి, కొన్నిటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు ప్రధాన న్యాయమూర్తిగా 1967లో ఇచ్చిన గోలక్‌నాథ్ తీర్పుతో మొదలుపెట్టొద్దు, అది చాలా పెద్దది. చిన్న తీర్పుల మీద చెయ్యి తిరిగాక దాని జోలికి వెళ్ళండి.

రెండో ఏడాది: మార్కులు, సర్టిఫికెట్లు

మార్కుల దగ్గర రెండు అంకెలు గుర్తుంచుకోండి. ఎల్‌ఎల్‌బీకి బార్ కౌన్సిల్ పెట్టిన కనీస అర్హత డిగ్రీలో ఓసీలకి 45 శాతం, ఓబీసీలకి 42, ఎస్సీ ఎస్టీలకి 40. ఢిల్లీ యూనివర్సిటీ ఓసీలకి 50 అడుగుతుంది. అరవై పైన ఉంటే ఎక్కడా టెన్షన్ ఉండదు. అసలు ప్రమాదం బ్యాక్‌లాగ్‌లది. ఫైనల్ ఇయర్‌లో ఉండగా అప్లై చేయొచ్చు, సీటూ వస్తుంది, కానీ చెప్పిన గడువులోపు పాసైనట్టు చూపించాలి. ఆరో సెమిస్టర్ ఫలితాలు ఆలస్యమై, దాని మీద రెండో సెమిస్టర్ పేపరు ఒకటి మిగిలిపోయి ఉంటే వచ్చిన సీటు చేజారుతుంది.

డిబేట్లు, క్విజ్‌లు, మాక్ పార్లమెంట్ సంగతి.  పైన చెప్పిన మన పరీక్షల్లో వాటికి మార్కులేమీ లేవు, ర్యాంకే సీటు. కాబట్టి నోరు తిరగడానికి డిబేట్లకి వెళ్ళండి, సర్టిఫికెట్ కోసం వెళ్ళకండి. వారం వారం వెబినార్ సర్టిఫికెట్లు పోగేసేవాళ్ళని చూస్తే జాలేస్తుంది.

మూడో ఏడాది: తేదీలు

ఐదో సెమిస్టర్ మొదలైనప్పటి నుంచి వారానికోసారి అధికారిక వెబ్‌సైట్లు చూడండి. ఎన్‌ఎల్‌శాట్, సీయూఈటీ పీజీ దరఖాస్తులు సాధారణంగా చలికాలంలోనే మొదలవుతాయి. సంక్రాంతి హడావిడిలో కోడిపందేలు చూస్తూ ఫారం సంగతి మర్చిపోకండి. సీయూఈటీ పీజీ మార్చిలో, ఎన్‌ఎల్‌శాట్ ఏప్రిల్ ప్రాంతంలో, లాసెట్ వేసవిలో జరుగుతున్నాయి. ఆరో సెమిస్టర్ పరీక్షలు వీటి మధ్యలోనే పడతాయి, అందుకే డిగ్రీ సిలబస్ ఫిబ్రవరికల్లా ఒక చుట్టు పూర్తి చేసుకోవాలి.

కరెంట్ అఫైర్స్ గట్టిగా చదవాల్సింది ఈ ఏడాదే. అక్టోబర్ నుంచి వారానికి ఒక మాక్ టెస్ట్ రాసి, రాసినదానికి రెట్టింపు సమయం తప్పుల మీద పెట్టండి. కోచింగ్ అవసరమా అంటే, మాక్ టెస్టుల ఆన్‌లైన్ సిరీస్ ఒకటి కొనుక్కోవడం చాలు అంటాను. దీని కోసం హైదరాబాద్ వెళ్ళి హాస్టల్లో ఉండటం డబ్బు దండగ. చదివే అలవాటు లేనివాళ్ళకి అక్కడా రాదు.

సెంటర్ల ఆప్షన్ ఇచ్చేటప్పుడు ఫారం ముందుగా నింపినవాళ్ళకి దగ్గరి ఊరు దొరికే వీలు ఎక్కువ. ఎన్‌ఎల్‌శాట్‌కి పెద్ద నగరానికి ప్రయాణం తప్పదనుకుని ముందు రోజుకే టికెట్ తీసుకోండి.

కాగితాలు

సీటు పోయే చోట ఇదొకటి. పదో తరగతి మెమోలో ‘కె.వి.ఎస్.’ అని పొడి అక్షరాలు, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, డిగ్రీ మెమోలో ఇంకో స్పెల్లింగ్. మొదటి ఏడాదిలోనే మూడూ పక్కపక్కన పెట్టి చూసుకుని ఆధార్‌ని పదో తరగతి మెమోకి సరిపడేలా మార్పించుకోండి.

బీసీ విద్యార్థులు ఒక సంగతి గమనించాలి. మన రాష్ట్రం ఇచ్చే బీసీ-ఏ, బీ, డీ సర్టిఫికెట్ ఈ జాతీయ పరీక్షలకి చెల్లదు. కేంద్ర ఓబీసీ నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్ కేంద్ర నమూనాలో, ఆ ఏడాది కోసం తీసుకున్నది కావాలి. పైగా రాష్ట్ర జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు, మీది ఉందో లేదో ముందే చూసుకోండి. ఓసీల్లో ఈడబ్ల్యూఎస్ కిందకి రావాలంటే కుటుంబ ఆదాయం ఏడాదికి ఎనిమిది లక్షల లోపు, సాగు భూమి ఐదెకరాల లోపు ఉండాలి. ఆదాయం తక్కువైనా పొలం ఐదెకరాలు ఉంటే రాదు. డెల్టాలో చాలా ఇళ్ళు ఆగిపోయేది ఆ భూమి లెక్క దగ్గరే. రెండు సర్టిఫికెట్లూ సచివాలయంలో దరఖాస్తు పెట్టి తహసీల్దార్ సంతకంతో తీసుకోవాలి, ఫారం తెరిచాక పరుగెత్తితే అందకపోవచ్చు.

ఫలితాలు వచ్చిన వెంటనే ప్రొవిజనల్, మైగ్రేషన్ సర్టిఫికెట్లకి నన్నయ యూనివర్సిటీలోనో మీ అటానమస్ కాలేజీలోనో దరఖాస్తు పెట్టేయండి. గ్రేడ్ పాయింట్లని శాతంగా మార్చిన కాగితం కూడా అప్పుడే అడిగి తీసుకోండి.

డబ్బు

ఢిల్లీ, బనారస్‌లలో ఫీజు భారం కాదు, ఖర్చంతా గది, తిండి. బెంగళూరులో ఫీజే ఏడాదికి లక్షల్లో ఉంటుంది. 2024 నవంబర్లో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద కేంద్రం విద్యాసంస్థలకి ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో పైనున్న సంస్థల్లో సీటు వస్తే హామీ, తాకట్టు లేకుండా విద్యా రుణం ఇస్తారు. ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉంటే పది లక్షల దాకా రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. పొలం తాకట్టు పెడదాం అని నాన్నగారు అనకముందే ఈ సంగతి ఆయనకి చెప్పండి. నేషనల్ లా స్కూల్ సొంతంగా ఇచ్చే ఆర్థిక సాయానికి కూడా అప్లై చేయాలి, దానికి ఆదాయం ఆధారాలు పక్కాగా ఉండాలి.

రాకపోతే

మూడు పరీక్షలూ రాయండి, లాసెట్‌తో సహా. అది మీకు తేలిగ్గా ఉంటుంది. ర్యాంకు బాగుంటే ఆంధ్రా యూనివర్సిటీ మొదటి ఆప్షన్‌గా పెట్టుకోండి. దాని తర్వాత రాజమండ్రి, భీమవరం, ఏలూరుల్లో లా కాలేజీలున్నాయి. ఆప్షన్ పెట్టేముందు స్వయంగా వెళ్ళి రెండే చూడండి: బార్ కౌన్సిల్ అనుమతి ఆ ఏడాదికి ఉందా, పొద్దున పదకొండున్నరకి క్లాసులో విద్యార్థులు కూర్చుని ఉన్నారా. హాజరు మేం చూసుకుంటాం, మీరు పరీక్షలకి వస్తే చాలు అని ఎవరైనా అంటే అక్కడ చేరొద్దు.

బెంగళూరు కోసం ఇంకో ఏడాది ప్రయత్నిద్దాం అనుకుంటే ఇంట్లో ఖాళీగా కూర్చోకండి. పగలు ఒక అడ్వకేట్ దగ్గర ఫైళ్ళు చూసుకుంటూ, సాయంత్రం చదువుకోండి. ఏడాది పూర్తయ్యేసరికి రెండో ప్రయత్నంలో ర్యాంకు వచ్చినా రాకపోయినా ప్లెయింట్ (దావా పత్రం) రాయడం, వకాల్తా నింపడం వచ్చేసి ఉంటాయి.